లోకనాథం మావ అడిగిన గుక్కెడు నీళ్ళు

మా మేనమావ లోకనాథం గారు దివంగతులైనారన్న దుర్వార్త నాకు పలాస బడిలో, ఎనిమిదో తరగతి పాఠం మధ్యలో చేరింది. ఫోనులో ఈశ్వరమ్మత్త "అల్లుడూ, మీ మావ ఎల్లిపోనాడురా" అన్నది. నేను "ఎక్కడికి?" అన్నాను. ఇన్నేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నవాణ్ణి, ఆ క్షణంలో నా నోట వచ్చిన మాట అదీ! సిగ్గుచేటు.

కంచిలి చుట్టుపక్కల ఆయనను ఎరుగని కొబ్బరి రైతు లేడు. విగ్రహం స్వల్పం, కంఠం గంభీరం, ధైర్యం అపారం. తుఫానుకు తోటలు నేలకూలిన నాడు ఊరంతా గొల్లుమంటుంటే, ఆయన పడిన చెట్ల మధ్య తిరుగుతూ "ఏడుద్దాం లెండి, రేపేడుద్దాం. ముందు ఏర్లు తెగని సెట్లేవో సూడండి" అని కేకలేశారు. ఒరిగిన జీడిచెట్లకు మట్టి ఎగదోసి, కర్రల ఊతమిచ్చి, చాలావాటిని నిలబెట్టారు.

ఆ తరువాత ఆయన కిడ్నీలు పాడైనాయి. ఇంటింటా ఈ జబ్బే ఉన్న మా ఉద్దానంలో ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఉప్పు లేని కూడు. అత్త పొద్దున్నే సీసాలో కొలిచి పోసే నీళ్ళే రోజంతటికీ. కొబ్బరినీళ్ళు సరేసరి, బొత్తిగా నిషిద్ధం. జీవితమంతా గెలలు దింపిన మనిషికి ఒక్క బొండాం తాగే ప్రాప్తం లేకపోయింది! "సెట్టు నాది, కాయ నాది, గొంతుక మాత్రం డాక్టరుది" అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆయన పోవడానికి పదిరోజుల ముందు ఒక ఆదివారం నన్ను తోటకు పిలిచారు. "పళ్ళూడిన నోరులాగుందిరా తోట. మొక్కలేద్దాం, రా." అత్త నన్ను చాటుకు పిలిచి "నీళ్ళ కాడ జాగర్త. నిన్ను నమ్మి పంపుతన్నాను" అన్నది.

పొద్దుటినుంచీ ఇద్దరం తుప్పలు కొట్టాం. జీడిచెట్ల ఎండుకొమ్మలు నరికి, కోతలకు పేడ పూశాం. కూలిన కొబ్బరిమొద్దు పెళ్ళగించి గొయ్యి తవ్వేసరికి నా చేతులు బొబ్బలెక్కాయి. గోతిలో బూడిదా, గుప్పెడు ఉప్పూ వెయ్యడం మాకు అలవాటు. "నాకు మానిపించిన ఉప్పంతా దీనికేసీరా" అన్నారాయన. ఎండ పేలిపోతోంది. మధ్యాహ్నానికే ఆయన సీసా ఖాళీ.

మా ఇంట ఒక ఆచారముంది. మొక్క నాటిన చెయ్యే తొలినీళ్ళు పొయ్యాలి, చెంబు అడుగున మిగిలిన గుక్కెడు ఆ మనిషే తాగాలి. మొక్కా మనిషీ ఒకే నీటిమీద బతుకుతారని పెద్దల మాట. ఈ నేలలోని ఆ నీళ్ళే మా కిడ్నీలను చెరిచాయని కొందరు, కాదని కొందరు. ఇంతవరకూ తేల్చినవాడు లేడు. మావ కొబ్బరిమొక్క నాటి, నీళ్ళు పోసి, చెంబు నోటిదాకా ఎత్తారు.

నేను పట్టుకున్నాను.

"ఆచారంరా అల్లుడూ. గుక్కెడేనురా. గొంతుక ఎండిపోతంది."

"వద్దు మావా. అత్తకి మాటిచ్చాను."

"మొక్కకి సెంబుడు పోసి, నాకు గుక్కెడు ఒగ్గవేట్రా?"

చెంబు లాక్కుని ఆ గుక్కెడూ మట్టిలో గుమ్మరించాను. ఆయన తడిసిన మట్టికేసి కాసేపు చూసి, "పోన్లే, మొక్కయినా తాగింది" అన్నారు. ఇంటికి వెళ్ళి ఈ సంగతి అత్తకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఛీ, ఏం మనిషిని!

గుక్కెడు నీళ్ళతో ఏమయ్యేదని డాక్టరును అడగాలని రోజూ అనుకుంటాను. ఏమీ అయ్యేది కాదంటాడేమోనని భయపడి ఊరుకుంటాను.

పదోనాడు ధర్మోదకాలు విడిచేటప్పుడు నా వంతు వచ్చింది. "మూడు దోసిళ్ళు సాలు బాబూ" అన్నారు పంతులుగారు. నా చేతులు ఆగలేదు. చివరికి అత్తే వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఒగ్గీరా అల్లుడూ. ఆయన కోపమెట్టుకునే మనిషి కాదు."

కాదు, నాకూ తెలుసు. అటువంటి కర్మయోగి, అటువంటి క్షమాశీలి ఉద్దానానికి మళ్ళీ దొరకడు. ఆయన లేని తోటలో అడుగు పెట్టడమే నాకు కష్టంగా ఉంది. అయినా ఆ సాయంత్రం వెళ్ళాను. మొక్క పచ్చగా ఉంది. నీళ్ళు పోశాను. అడుగున గుక్కెడు మిగిల్చి, చెంబు గట్టుమీద పెట్టి వచ్చాను, మావా. ఈసారి నీ చేతిలోంచి ఎవరూ లాక్కోరు.