ఒక్క ఖాళీ

తొంభైల్లో, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒక సారు పుంగనూరు నుంచి మదనపల్లెకు నాతోపాటే బస్సులో వచ్చేవారు. బట్టల కొట్టువాణ్ణి, ఉచితంగా వస్తే ఎలక్ట్రాన్లనూ వదలను. "కొన్ని పదార్థాల్లో అవి ఒకదాన్నొకటి దగ్గరికి రానీవప్పా. చోటుకొకటి కూసుంటే కరెంటు పారదు. ఒక్క ఖాళీ చాలు, అన్నీ కదుల్తాయి" అనేవారు.

ఒకరోజు కిక్కిరిసిన బస్సు ఆసుపత్రి దగ్గర ఆగింది. వెనకనుంచి ఒక తల్లి, "బిడ్డకు ఒళ్ళు కాలిపోతాండాది, దారియ్యండప్పా" అంది.

"యాడికి జరగాలమ్మా?" అన్నాడు ముందు నిలబడ్డాయన.

దిగితే చోటు పోతుందని ఎవరూ దిగలేదు. ఫుట్‌బోర్డు మీదున్న సారు దిగారు. ఆయన ఖాళీలోకి ఒకరు, ఆ ఖాళీలోకి ఇంకొకరు జరిగారు. తల్లి బయటపడింది.

కండక్టరు విజిలేశాడు. "సారూ, టికెట్టు దండగైపోతాది, రాండి" అని అరిచాను.

ఆయన ఆ తల్లి బిడ్డను భుజానేసుకుని ఆసుపత్రి వైపు నడుస్తున్నారు.