ఒలీనత్త కట్టిన తాడు

ఆదివారం ప్రార్థనకి వెళ్తూ పాస్టరుగారు ఒలీనత్త తాడుకి కాలు తగిలి బోర్లాపడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు, చేతిలో ఉన్న ఆపిల్ కేకు మీదే పడ్డారు.

ఒలీనత్తకి ఉన్న పిచ్చల్లా ఒకటే, తాళ్ళు కట్టడం. నార్త్ డకోటాలో మంచుతుఫాను లేచిందంటే చాచిన చెయ్యి కనిపించదు. వాళ్ళ నాన్న నార్వే నుంచి వచ్చి, బీడు దున్ని, గడ్డిపెళ్ళలతో ఇల్లు కట్టుకున్న రోజుల్లో గుమ్మం నుంచి పశువులపాక దాకా తాడు కట్టి, అది పట్టుకునే పాలు పితకడానికి వెళ్ళేవారు. ఇప్పుడు ఊళ్ళోకి కరెంటొచ్చింది, కార్లొచ్చాయి. ఒలీనత్త తాళ్ళు మాత్రం పోలేదు. బాతుల గూటికొకటి, సందుకి అడ్డంగా అక్క గుడ్రున్ ఇంటికొకటి. పుస్తకాలు అచ్చువేసే పెద్దమనిషి న్యూయార్కు నుంచి వస్తే, ఆయన నడుముకీ ఒక కొస కట్టి మరుగుదొడ్డికి పంపింది.

పిల్లల కోసం ఆవిడ రాసిన పుస్తకాలన్నిట్లో ఆ గడ్డిపెళ్ళల ఇల్లే. వాటిలో తమ్ముడు నీల్స్ ప్రతిసారీ తాడు పట్టుకుని ఇల్లు చేరతాడు. నిజంగా చేరలేదని ఊరందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆ ఇల్లు ఎరిగినవాళ్ళలో మిగిలింది అక్కచెల్లెళ్ళిద్దరే. పొద్దున్నే గుడ్రున్ కాఫీకి వచ్చి, "మన మేక తెల్లదెక్కడే? గోధుమరంగుది. మళ్ళీ అబద్ధం రాశావు" అని తిడితేగాని ఒలీనత్తకి కలం కదలదు.

చలికాలమంతా ఊరు ఓర్చుకుంది. మంచు కరిగి మే నెల వచ్చినా సందులో తాడు విప్పకపోయేసరికి, పాస్టరుగారు పడ్డ మర్నాడే ఊరిపెద్దలు పక్కవీధి కుర్రాడు టిల్‌మన్ చేతికి కత్తిచ్చి పంపారు.

"విప్పుతావా, కొయ్యమంటావా అత్తా?"

కాఫీ పెడుతున్నాను, తాగాక కోసుకోమంది ఒలీనత్త.

అతను సందులో కత్తి తెరిచేసరికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. గుడ్రున్ తల పైకెత్తుకుని, చూపు ఎటో పెట్టుకుని, తాడు మీద వేళ్ళు జారుస్తూ వచ్చింది. టిల్‌మన్‌ని రాసుకుంటున్నట్టే దాటింది. పలకరించలేదు. అతని మాసిన చొక్కాకి వంక పెట్టకుండా ఆవిడ ఏనాడూ దాటిన మనిషి కాదు.

అప్పుడర్థమైంది టిల్‌మన్‌కి. అమ్మకి చూపు ఆనకపోతే ఒక్కదాన్నే ఇక్కడ వదిలిపెట్టనని, ఫార్గో పట్నంలో తన దగ్గరే ఉంచుకుంటానని గుడ్రున్ కూతురు ఎప్పుడో చెప్పేసింది. ఈ సంగతి బయటపడితే ఒలీనత్తకి మేక రంగు చెప్పేవాళ్ళుండరు.

కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలికెళ్ళి, తనొచ్చినట్టు తెలిసేలా గట్టిగా దగ్గాడు.

"టిల్‌మనా? నువ్వైనా చెప్పరా దీనికి," అంది గుడ్రున్. "మే నెలలో తాడేమిటే, పిచ్చిదానా? ఊరంతా నవ్వుతోంది."

ఒలీనత్త కప్పు తెచ్చి అక్క వేళ్ళకి తగిలేలా పెట్టింది.

"నేనెక్కడ దారి తప్పుతానోనని భయమక్కా, ఇంకొన్నాళ్ళు ఉండనీ."