కోదాడ మలుపులో ఇచ్చిన సీసా

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏప్రిల్‌లో నన్ను సూర్యాపేటలోని మహిళల ప్రొఫెషనల్ రోడ్డు సైక్లింగ్ జట్టులో సహాయకురాలిగా తీసుకున్నారు. అంతకుముందు బాలికల హాస్టల్లో వంట చేసేదాన్ని. జట్టులో ఆరుగురు అమ్మాయిలు, కోచ్ సార్, మెకానిక్ యాదగిరి, నేను. కాళ్లకు మాలిష్ చేయడం, తిండి కట్టడం, దారిలో సీసాలు అందించడం నా పని. హోదాలో అందరికంటే కింద. కానీ అమ్మాయిల నోట్లోకి పోయే ప్రతిదీ నా చేతుల మీదుగానే పోయేది.

సీసా అందించడానికి పద్ధతి ఉంది. రోడ్డు కాస్త ఎత్తెక్కి, సైకిళ్ల వేగం తగ్గేచోట నిలబడాలి. మూత దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చేయి చాచాలి. లాగగానే వదిలేయాలి. జట్టు నాయకురాలు రేణుక నీళ్ల కోసం వెనక్కి రాదు. ఆ పని కోదాడ అమ్మాయి మేరీది. సీసాలు చొక్కా వీపు జేబుల్లో పెట్టుకుని ముందుకెళ్లి అందరికీ పంచుతుంది.

పిక్కలు పట్టకుండా తాగే ఉప్పు నిమ్మ నీళ్లను మేం "మందు" అనేవాళ్లం. "అక్కా, జర మందు పొయ్యవా" అని అమ్మాయిలు నన్ను ఆటపట్టించేవారు. ఆ సీసా మూతకు నేను ఎర్ర దారం కట్టేదాన్ని. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు చదువు రాదని నేనూ చెప్పలేదు.

ఆ రోజు సూర్యాపేట నుంచి కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాకా సాధన. సాధనకూ పోటీ నియమాలే కనుక అమ్మాయిల ఫోన్లన్నీ సంచిలో వేసి, యాదగిరి, నేను వెళ్లే వ్యాన్‌లో పెట్టారు. కోచ్ సార్ కారు మునగాల దగ్గర పంక్చరై ఆగిపోయింది. కోదాడ మలుపులో మేరీకి నాలుగు సీసాలు అందించాను.

"ఇది మందేనా అక్కా?" అంది చివరిది లాక్కుంటూ.

"మందే. రేణుకకియ్యి."

వ్యాన్ కదలబోతుండగా యాదగిరి సీసాల డబ్బాలో వెతికాడు.

"అక్కా, గీడ మందు సీసా పెట్టిన, ఏది?"

"మేరీకిచ్చిన."

"ఏం మందనుకున్నవ్? అది చైన్ కడిగే మందు! కిరసనాయిలు! మీద 'తాగొద్దు' అని రాసిన గద!"

అతను వాడుకున్నది నా పాత సీసానే. ఎర్ర దారం విప్పలేదు. మీద రాత నేను చూశాను. ఎవరో అమ్మాయి పేరనుకున్నాను.

యాదగిరి కంగారులో రేణుకకు ఫోన్ చేశాడు. నా కాళ్ల దగ్గరి సంచిలో మోగింది. మేరీకి చేశాడు. అదీ అక్కడే మోగింది.

వరి కోతల రోజులు. సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మిగతా సగంలో మిల్లులకు పోయే లారీలు. ప్రతి మలుపులో అమ్మాయిలు కనిపించాలనుకునేదాన్ని. ఎలా కనిపిస్తారోనని కళ్లు మూసుకునేదాన్ని. పురుగుల మందు తాగిన మనిషిని మా వాడలో చూశాను. "వాసనకే పారేస్తరు తియ్ అక్కా" అని యాదగిరి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు.

హుజూర్‌నగర్‌కు ఇవతల ఐదు సైకిళ్లు ఆగి ఉన్నాయి. ఆరోది పడి ఉంది. అది మేరీది. ఏ సీసాలో ఏముందో తెలియాలని పంచేముందు తాను ఒక చుక్క తాగి చూడటం ఆమె అలవాటట. ఆ ఎండకు గుక్కెడు మింగేసింది. దగ్గు ఆగడం లేదు, పెదాలు రంగు మారాయి.

మేరీని, రేణుకను వ్యాన్‌లో ఎక్కించుకున్నాం. హుజూర్‌నగర్ దవాఖాన ముందు యాదగిరి వ్యాన్ ఆపుతుండగానే రేణుక, నేను మేరీని లోపలికి మోసుకుపోయాం. ఏం తాగిందని డాక్టర్ అడిగారు.

"మందు సార్" అంది రేణుక ఏడుస్తూ.

ఆయన పురుగుల మందనుకున్నారు. కడుపు కడగడానికి గొట్టం తెమ్మని నర్సుకు చెప్పారు. చెబితే ఉద్యోగం పోతుందని ఆ క్షణంలో కూడా అనిపించింది.

"ఆ మందు కాదు సార్, కిరసనాయిలు. నేనే ఇచ్చిన. మీద రాసుండె, నాకు సదువు రాదు."

ఆయన గొట్టం వద్దన్నారు. కిరసనాయిలు తాగినవాళ్లకు కడుపు కడిగితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందట.

మేరీ బతికింది. ఆ సీజన్ అంతా సైకిల్ ఎక్కలేదు. తిరిగి వచ్చిన రోజు నేను సీసా ఇస్తే, "ముందు నువ్వు తాగక్కా" అంది. తాగాను. అప్పుడు నవ్వింది.

కోచ్ సార్ నన్ను తీసేయలేదు. తాగే సీసాలో తాగనిది పోయకూడదని నియమం పెట్టారు. వ్యాన్‌లో మందు అనే మాట బంద్ చేశారు. నేను ఆ వేసవిలోనే అక్షరాలు మొదలుపెట్టాను.

ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సీసా మీద రాత ఉంటే చదవాలి. చదవరాకపోతే ఆ మాట అందరికీ వినబడేలా చెప్పాలి. దారం కట్టి దాచకూడదు.