ఈరమ్మకు జరిగిన సన్మానం

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, ఎండలు ఇంకా తగ్గకముందే, నన్ను కర్నూలు ఆసుపత్రి నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను హెడ్ నర్సును. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోట, చాకిరీ కొత్త చోట. కాగితం మీద ఆ బృందంలో మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, కమ్యూనిటీ నర్సు ఉంటారు. ఆదోని వైపు పల్లెలకు పోయే జీపులో మాత్రం చాలాసార్లు నేనూ డ్రైవరూ తప్ప ఇంకెవరూ ఉండేవాళ్లు కాదు. డాక్టరుగారు నెలకోసారి వచ్చి మందులు రాసేవారు. సోషల్ వర్కర్ పోస్టు ఖాళీ. మా అందరి పైన కార్యక్రమ అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయనా డాక్టరే గానీ, రోగిని ముట్టుకుని చాలా కాలమైంది.

మా పనిలో మందులివ్వడం ఒక ఎత్తు, మనిషిని మళ్లీ నలుగురిలో కలపడం ఇంకో ఎత్తు. ఆ రెండోదాని కోసం పెట్టిన ఏర్పాటును సర్కారు భాషలో తోటివారి సహాయక బృందం అంటారు. జబ్బుపడి కోలుకున్నవాళ్లు, ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్లను, వాళ్ల ఇంటివాళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. మేము మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, టీకాలు వేసే గదిలో, సంత రోజున కలుసుకునేవాళ్లం. సంత రోజే ఎందుకంటే, ఆ రోజు మండలానికి పోయే మనిషిని ఎందుకు పోతున్నావని ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి ఒక మాట కూడా అనుకున్నాం: బీపీ బిళ్లలకు. కాబట్టి మా గదిలో కూర్చున్నవాళ్లందరూ ఊళ్ల లెక్కలో బీపీ మనుషులే. గదిలో విన్నది గడప దాటకూడదన్నది మా నియమం. వేరే నియమాలు పెట్టుకోలేదు, అవసరం రాలేదు.

ఆ గదికి ప్రాణం ఈరమ్మ. వానలు మొహం చాటేసిన ఏడాది ఆ పడమటి పల్లెలు సుగ్గికి పోతాయి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోసే వలస. అక్కడే ఈరమ్మకు చెవుల్లో ఎవరో మాట్లాడటం మొదలైంది. అన్నంలో మందు పెట్టారని తిండి మానేసింది. మొగుడు ఆమెను ఊరికి తేకుండా ముందు ఒక దర్గాకు, తర్వాత ఒక గుడికి తిప్పి, చివరికి కర్నూలుకు తెచ్చాడు. మాత్రలు పనిచేశాయి. ఊళ్లో మాత్రం విషజ్వరం వచ్చిందని చెప్పుకున్నారు. తర్వాత పొదుపు సంఘం తరఫున ఆమె ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. ఆ పని దొరకబట్టే సుగ్గికి పోవడం తప్పింది. వేళకు తిండి, వేళకు నిద్ర కుదిరాయి. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే మనిషికి అది మాత్రతో సమానం. మా గదిలో ఆమె ఉపన్యాసాలు చెప్పేది కాదు. మాత్రలు వేసుకుంటే నోరెండిపోతోందని ఒక పిల్ల ఏడిస్తే, నాకూ అట్లే ఎండిపోయేది, మజ్జిగ తాగుతా ఉండు, మానొద్దు అనేది. ఆ పిల్ల నేను పదిసార్లు చెప్పినా వినలేదు గానీ ఈరమ్మ మాట వింది. అందులో వింతేమీ లేదు. నాకు ఎప్పుడూ నోరెండలేదు కదా.

అక్టోబరులో మానసిక ఆరోగ్య దినోత్సవం వస్తుంది. ఆ ఏడు మండల కేంద్రంలో అవగాహన సదస్సు పెట్టారు. అధికారి నాకు ఫోన్ చేసి, వేదిక మీద చూపించడానికి ఒక విజయగాథ కావాలన్నాడు. విజయగాథ అంటే మందులతో బాగుపడిన మనిషి. కుదరదన్నాను. మా వాళ్లు బీపీ అని చెప్పుకుని వస్తున్నారని, వేదికెక్కిస్తే వాళ్ల బతుకు వీధిన పడుతుందని వివరంగానే చెప్పాను. నేను అన్నిటికీ అడ్డం పడతానని విసుక్కుని ఫోన్ పెట్టేశాడు. సరే, తెమిలిపోయిందనుకున్నాను.

తెమల్లేదు. ఆయన ఆసుపత్రి కేసు రిజిస్టరు తెప్పించుకుని, ఈరమ్మ పేరు ఏరుకున్నాడు. సదస్సు రోజు పొద్దున జీపును నేరుగా బడికి పంపాడు. వంట మధ్యలో ఉన్న మనిషిని, సిస్టరమ్మ రమ్మంటోందని నా పేరు చెప్పి ఎక్కించారు. ఆమె చేతులు కడుక్కుని, అదే చీరతో వచ్చింది. నేను హాలు వెనక కరపత్రాలు పంచుతున్నాను. మైకులో ఆమె పేరు, ఊరి పేరు, మొగుడి పేరు వినపడేసరికి చేతిలో కాగితాలు పక్కవాళ్లకు అంటగట్టాను. వేదిక దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే ముఖ్య అతిథి శాలువా కప్పేశాడు, ఫోటోలవాళ్లు చుట్టుముట్టారు. అధికారి నన్ను చూసి, తర్వాత మాట్లాడదాం, వెళ్లి కూర్చోండి సిస్టర్ అన్నాడు. ఈరమ్మ జనంలో నాకోసం వెతుకుతోంది. నేను కనపడ్డాక నా వైపు చూసిన చూపు గురించి ఎక్కువ రాయలేను. నేనే పిలిపించానని అనుకుంటోంది కదా.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. ఆ సదస్సులో అధికారి మాట్లాడిన అంశం మానసిక రోగుల హక్కులు. రోగి వివరాలు, ఫోటో ఆ రోగి ఒప్పుకోకుండా పత్రికలకు ఇవ్వకూడదని రెండువేల పదిహేడు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఆ ముక్క ఆయన మైకులో చదివి వినిపించాడు. చదివి, పక్కకు తిరిగి, ఈరమ్మను ఫోటోకు నిలబెట్టాడు. సిగ్గన్నది ఉండొద్దా మనిషికి! సాయంత్రం నిలదీస్తే, శాలువా కప్పించుకుంది కదా, అదే ఒప్పుకోవడం అన్నాడు. పైగా సన్మానం చేయడం కూడా తప్పేనా అని నన్నే అడిగాడు. సర్కారు జీపు ఊళ్లోకి వచ్చి, నలుగురి ముందు ఎక్కమంటే, ఎక్కనని చెప్పగలిగే కూలి మనిషి ఏ ఊళ్లో ఉంది? మన దగ్గర ఏ పనికైనా పూలదండ, శాలువా, ఫోటో ఉండాల్సిందే. అవి లేకపోతే పని జరిగినట్టు పైవాళ్లు నమ్మరు.

మరుసటి వారం ఆమె ఊరికి పోయే ఆటోలు ఆగే చోట ఫ్లెక్సీ లేచింది. ముఖ్య అతిథి నిలువెత్తు బొమ్మ, పక్కన అధికారి, కింద మూలన శాలువాతో ఈరమ్మ. బొమ్మ కింద పెద్దక్షరాలతో ‘పిచ్చిని జయించిన ధీరవనిత’ అని ఉంది. పిచ్చి అన్న మాట వాడకూడదని సదస్సులు పెట్టి చెప్పే ఆఫీసు వేసిన ఫ్లెక్సీ అది. నేను అటెండరును తోడు తీసుకుని వెళ్లి దాన్ని దింపించాను. దింపేటప్పుడు చిరిగింది. అప్పటికి చూడాల్సినవాళ్లందరూ చూశారు. ప్రభుత్వ ప్రచార సామగ్రిని పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. చిరిగినందుకు విచారం లేదని రాసిచ్చాను.

హెడ్మాస్టరు ఈరమ్మను కొన్నాళ్లు బడికి రావొద్దన్నాడు. నోటిమాటే, కాగితం లేదు. కాగితం ఉంటే నిలదీయొచ్చు, నోటిమాటను ఎక్కడని పట్టుకుంటాం? నేను వాళ్లింటికి పోయేసరికి ఆమె వసారాలో ఊరికే కూర్చుని ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని మొగుడు చెప్పాడు. జీపు నేను పంపలేదని, నా పేరు వాడుకున్నారని చెప్పాను. ఆమె, ‘నువ్వు పిలిస్తివని చెప్పిరి, వస్తి. ఇంగెవురు పిలిచినా రాకపోతుంటి సిస్టరమ్మా’ అంది.

సంత రోజు మా గదిలో ఈ సంగతి తెలిసి అందరూ ఉడికిపోయారు. బడి కమిటీ ముందుకు మేమందరం వస్తాం, మాకూ ఇదే జబ్బు, మేమూ పనులు చేసుకుని బతుకుతున్నామని చెప్తాం అన్నారు. టైలరు పని చేసే ఒకతను అప్పటికప్పుడు చెప్పులేసుకున్నాడు. ఆ రోజు వచ్చిన ఈరమ్మ ఒప్పుకోలేదు.

‘నా పేరు ఎట్లాగూ పాయె. మీ పేర్లన్నా ఉండనీండప్పా’ అంది.

కమిటీ అంటే పిల్లల తల్లిదండ్రుల కమిటీ. వంటమనిషిని ఉంచడం, తీసేయడం అక్కడే తేలాలి. నేను, ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ, ఈరమ్మ వెళ్లాం. డాక్టరమ్మ జబ్బు గురించి ఓపికగా చెప్పింది. హెడ్మాస్టరు తనకేమీ అభ్యంతరం లేదని, తల్లిదండ్రులే భయపడుతున్నారని అన్నాడు. తల్లిదండ్రులు సారే వద్దన్నారన్నారు. ఒకరి మీద ఒకరు తోసుకుంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చివరికి ఒక తల్లి ఉన్నమాట చెప్పింది, పిల్లలు తినే కూడు కదా, మాకు భయం కాదా అని. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఈ జబ్బు గురించి ఆ ఊరికి సర్కారు చెప్పిన మొదటి మాటే ఆ ఫ్లెక్సీ మీది మాట. భయపడక ఏం చేస్తుంది?

అప్పుడు ఈరమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

‘నాలుగేండ్లు నేను వండింది మీ పిల్లోళ్లు తినిరి. ఒగరికన్నా కడుపు నొచ్చిందా? నాకు బాగలేనప్పుడు నేను ఈ ఊర్లోనే లేను. బాగైనంకనే పొయ్యి ముట్టిస్తి. ఇప్పుడు నాకు జబ్బు లేదు, ఆ బొమ్మ ఉండాది. మీరు దాన్ని జూసి భయపడతాండారు, నన్ను జూసి కాదు.’

ఆ తల్లి తల దించుకుంది. హెడ్మాస్టరు మాత్రం తన రక్షణ తాను చూసుకున్నాడు. మూడు నెలలకోసారి మతి స్థిమితంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే వండనిస్తామన్నాడు. నర్సును కాబట్టి ఆయన జబ్బొకటి నాకు తెలుసు. మీరేం సర్టిఫికెట్ తెచ్చారు సారూ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఏ జబ్బో ఇప్పటికీ చెప్పను.

బయటికొచ్చాక, ఆ సర్టిఫికెట్ ఇప్పించను, పై అధికారుల దాకా పోదాం, చట్టం మనవైపుంది అని ఈరమ్మతో గట్టిగా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

‘చట్టం వొచ్చేలోపు సుగ్గి వొస్తాది సిస్టరమ్మా. రాసీమని చెప్పు. నాకిప్పుడు మర్యాద కాదు, పొయ్యి కావల్ల.’

డాక్టరుగారు రాసిచ్చారు. ఈరమ్మ మళ్లీ వంటకు చేరింది, నిద్ర కుదురుకుంది. కానీ ఆ తర్వాత మా గదికి రాలేదు. ఆమె రాకపోయేసరికి మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే మానుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరికీ, వచ్చే అక్టోబరుకు జీపు తమ గుమ్మంలో ఆగుతుందేమోనన్న భయం పట్టుకుంది. ఎండాకాలానికి టీకాల గదిలో నేనూ బల్లలూ మిగిలాం. ఆర్థిక సంవత్సరం చివరి నివేదికలో అధికారి, ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్ల హాజరు తగ్గింది అని రాసి నా సంతకం అడిగాడు. ప్రజల్లో అట! నేను ఆ వాక్యం కొట్టేసి, ఒక రోగి పేరును ఆమె అనుమతి లేకుండా మన ఆఫీసే బయటపెట్టడం వల్ల తగ్గింది అని రాసి సంతకం పెట్టాను. నా డిప్యుటేషన్ రద్దయింది. మళ్లీ వార్డుకు వెళ్లి, అక్కడే పదవీ విరమణ చేశాను. అధికారికి ఏమీ కాలేదు. ఆ సదస్సు ఫోటో ఆయన గదిలో చాలాకాలం ఉందని విన్నాను.

పోయిన ఏడాది ఈరమ్మ ఆదోనిలో కనపడింది. టీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఆమె దగ్గరికే వస్తారట, చింతపండుకో ఉప్పుకో వచ్చినట్టు. కూతురికి నిద్రపట్టడం లేదనో, కోడలు తనలో తాను మాట్లాడుతోందనో చెప్పుకుంటారు. ఆమె వాళ్లను వెంటబెట్టుకుని బస్సెక్కి బళ్లారిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. మన జిల్లాలో ఉచితంగా మందులిచ్చే చోటు ఉండగా, దుడ్లు ఖర్చుపెట్టుకుని పక్క రాష్ట్రం పోవడం దేనికని అడిగాను. ‘ఆడ మా బొమ్మలు ఎవురికీ అక్కర్లేదు’ అంది.

ఇది రాసేముందు ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఇందులో ఆమె పేరు అసలు పేరు కాదు, ఊరి పేరు రాయలేదు. ఆమె విని, తన పేరు మార్చినట్టే ఉండనీమంది. ఆయప్ప, అంటే ఆ అధికారి, చేసింది మాత్రం మార్చొద్దంది. మార్చలేదు.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. కోలుకున్న మనిషి కథ ఆ మనిషి సొత్తు. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తనే తేల్చుకోవాలి. అడగకుండా తీసుకుంటే, ఎంత ఖరీదైన శాలువా కప్పినా అది దొంగతనమే.