ఉగాది పచ్చడిలో పెట్రోలు

మా ఎదురింటి కుర్రాడు సాయంత్రం కాగానే బండి బయటికి తీస్తాడు. తీయడమంటే ఎక్కి ఎక్కడికో పోవడం కాదు. గేటు ముందు నిలబెట్టి దాని చెవి మెలిపెట్టడం, అది అరిచిన ప్రతిసారీ తానేదో సాధించినట్టు మొహం పెట్టడం. ఎవరో తుప్పు పట్టించి మూలకు పారేసిన పాతకాలపు బండి అది, పెట్రోల్లో నూనె కలిపి పోస్తే తప్ప నడవని రకం. ఇప్పుడు అలాంటి వాటి మీద పిల్లలకు మోజట. వెతికి కొని, రంగు వేయించి, ఉన్న సైలెన్సరు పీకేసి, నాలుగు వీధుల అవతలికి వినబడేదొకటి బిగించుకున్నాడు. వనపర్తిలో మా వీధికి గాలి రావడమే తక్కువ. వచ్చే ఆ కాస్త గాలీ నీలం పొగను మోసుకుని నేరుగా మా వంటింట్లోకి వస్తుంది. కిటికీ మూస్తాను, అన్నం గిన్నె మీద మూత పెడతాను, అయినా ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే రుచి. నాకు ఆ రుచి కొత్త కాదు. చిన్నప్పుడు ఒక ఉగాదినాడు ఇంటిల్లిపాదీ గ్లాసులతో తాగాం.

మాది పాన్‌గల్‌కు అవతల గుట్టల నడుమ చిన్న ఊరు. ఊరి వెనక వాగు, వాగులో మోకాలి లోతు దిగబడే తెల్లటి ఇసుక. వానాకాలం ఎర్రగా పొర్లి, దీపావళి నాటికి తేటపడి, శివరాత్రి దాటాక పైన పారడం మానేసి ఇసుక కిందికి దిగిపోయేది. అప్పుడు ఆడవాళ్లు ఇసుకలో చేతులతో గుంత తోడేవారు, అదే చెలిమె. తోడగా తోడగా అడుగున తడి మెరిసి, మెల్లగా నీళ్లు ఊరి, ఇసుక రేణువులు చిన్నగా గంతులు వేసి అడుక్కి దిగాక తేటపడేవి. ఎండిన ఆనిగెపుకాయ, అదే సొరకాయ, బుర్రతో ఆ నీళ్లను ముంచి, గుడ్డ కట్టిన బిందెలోకి వంపుతుంటే, మేం పిల్లలం పక్కన కూర్చుని పాదాల మీద ఇసుక కప్పి పిట్టగూళ్లు కట్టుకుంటూ, ఒడినిండా ఏరుకొచ్చిన తునికిపండ్లు తింటూ, ఎవరి వంతు ముందో పెద్దవాళ్లు తగవులాడుకుంటుంటే వినేవాళ్లం.

చెలిమెకు పద్ధతులుండేవి. చెప్పులతో దగ్గరికి పోకూడదు. నీళ్లు ముంచుకున్నాక కుక్కలు దిగకుండా తుమ్మకంప కప్పి రావాలి. అన్నిటికంటే పెద్ద పద్ధతి, గొడ్లను కింది దిక్కునే కడగాలి. చెలిమెకు ఎగువన ఎద్దు కాలు పెట్టిందంటే దాని యజమాని ఇంటి ఏడుతరాలకూ తిట్లు పడేవి. మా అవ్వ, అంటే నాన్న తల్లి, ఆ తిట్లలో అందెవేసిన చేయి. ఆమె చెలిమె వాగు మలుపులో, నల్లరాతి బండ పక్కన ఉండేది. ఊళ్లో బోరింగు లేకపోలేదు కానీ దాని నీళ్లు ఉప్పు. ఆ నీళ్లలో పప్పు ఉడకదు. తాతకు కడుపులో పుండు, ఉప్పునీళ్లు పడితే మంట ఎత్తి మంచం మీద ముడుచుకుపోయేవాడు. అందుకే ఎండాకాలమంతా తాత తాగే నీళ్లు, తాతకు పప్పు వండే నీళ్లు ఆ చెలిమెవే. అవ్వ తెల్లవారకముందే లేచి పోవడానికి కారణం అదే.

మా చిన్నాయన గద్వాలలో ఒక వడ్ల మిల్లులో మిషను చూసుకునేవాడు. ఆ ఏడు మామిడి పూతకొచ్చే రోజుల్లో ఫట్‌ఫటీ ఎక్కి ఊళ్లోకి వచ్చాడు. ఊళ్లో అదే మొదటి బండి. మనిషి కనబడకముందే గుట్ట అవతల నుంచి చప్పుడు వచ్చింది. కోళ్లు కప్పులెక్కాయి, కట్టేసిన ఎద్దు తలుగు తెంపుకుంది, అరుగు మీద కునుకు తీస్తున్న తాత ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. వెనకే నీలం పొగ వచ్చి ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసి, "ఏందిరో, పగ్గం లేని ఎద్దును తోలుకొచ్చినవ్?" అంది.

సరదా లేదంటే అబద్ధమవుతుంది. చిన్నాయన నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, తడి ఆరి గట్టిపడిన వాగు అంచున బండి వదిలాడు. ఇసుకలో చక్రం జారి ఒక పక్కకు కోసుకుపోతుంటే హ్యాండిలును రెండు చేతులా కరుచుకున్నాను. మోదుగుచెట్లు ఎర్రగా ఒకదాని మీద ఒకటి పడి వెనక్కి పోయాయి. నేను అరిచాను, నవ్వాను, "మళ్లీ" అన్నాను. కానీ దిగాక నా మాట నాకే వినబడలేదు. చెవుల్లో గంటసేపు కందిరీగలు తిరిగాయి, ఇంటికి పోయి వాంతి చేసుకున్నాను. వాగులో రోజూ కూసే పిట్టలు ఆ పూట ఎక్కడికి పోయాయో కనబడలేదు. సరదా నాకూ చిన్నాయనకూ దక్కింది, చప్పుడూ కంపూ ఊరందరి వంతుకు వచ్చాయి. బండి జాతి ధర్మమే అంత, నేటికీ మారలేదు.

మిల్లులో పని లేని రోజులని చిన్నాయన ఉగాది దాకా ఊళ్లోనే ఉండి, బండిని రాత్రిళ్లు వసారాలో పెట్టేవాడు. దాని ట్యాంకు మూత దగ్గర సన్నగా కారేది. పది పదిహేను రోజుల్లో మా పక్కబట్టలకు, రొట్టెలకు, చివరికి అవ్వ కొప్పుకు కూడా ఆ వాసన పట్టింది. మా ముక్కులు దానికి ఎంత అలవాటు పడ్డాయంటే, రానురాను అసలు వాసనే తెలియకుండా పోయింది. మా కొంప ముంచింది ఆ అలవాటే.

ఉగాది ముందురోజు కొత్త అమాస. పండుగకు ఎద్దులను వాగుకు తోలుకుపోయి రుద్ది కడిగి, కొమ్ములకు రంగు పూయడం మా వైపు ఆనవాయితీ. నాన్న ఎద్దులను కింది దిక్కుకు తోలాడు. చిన్నాయన తన బండిని పై దిక్కుకు తోలాడు. అక్కడ నేల గట్టిగా ఉంటుందట. సాయంత్రం దాకా కూర్చుని, గిన్నెలో పెట్రోలు పోసుకుని, గుడ్డతో చైనూ ఇంజనూ జిడ్డు వదిలేలా తోమి, ఆ నల్లటి పెట్రోలును ఇసుకలో గుమ్మరించి, పక్కన గుంత తీసి ఆ నీళ్లతో బండిని కడిగాడు. ముందు చక్రానికి పసుపు, హ్యాండిలుకు మామిడాకులు. ఎద్దులకంటే అదే ముస్తాబుగా ఇంటికి వచ్చింది.

ఉగాదినాడు బచ్చాలకు, అంటే బొబ్బట్లకు, పిండి కలిపే హడావుడిలో అవ్వ ఇంటిదగ్గరే ఉండి, నీళ్లకు మా అమ్మను పంపింది. అమ్మ చీకటితోనే ముంచుకొచ్చిన నీళ్లతో, కొత్త కుండలో చింతపండు పిసికి, బెల్లం కరిగించి, మామిడి ముక్కలు, వేపపువ్వు, గుప్పెడు పుట్నాలు వేసి పచ్చడి చేశారు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు. పచ్చడి తాగడానికి వచ్చిన పక్కింటి కాశమ్మ మొదటి గుక్క నోట్లో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, కష్టపడి మింగి అమ్మ వైపు తిరిగింది.

"వదినా, ఈయేడు పచ్చడిల ఏమన్న కొత్తది ఏసినవా?"

అప్పటికి అందరి నోళ్లలోనూ గుక్క ఉంది. ఉగాది పచ్చడి ఉమ్మితే ఏడాదంతా ఇంట్లో తిన్నది ఒంటబట్టదని మా వైపు నమ్మకం. అరుగు మీద తాత మొహం చిట్లించి, "మింగుండ్రి, పండుగపూట ఉమ్మొద్దు" అన్నాడు. మింగాం. ఆరు రుచులకు తోడు ఏడోది లోపలికి పోయింది. మధ్యాహ్నానికి తాత కడుపు పట్టుకుని పడుకున్నాడు.

అవ్వ పరుగున వాగుకు పోయింది, నేను వెనకాలే. కంప తీసి చూస్తే చెలిమె నీళ్ల మీద సింగిడి రంగులు, వానవిల్లు రంగులు, తిరుగుతున్నాయి. ఎంత అందంగా ఉన్నాయో అని నేను వంగి చూస్తున్నాను. అవ్వ నీళ్లలో చేయి ముంచి, అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఎగువ దిక్కు నల్లటి మరక చూసింది.

"నీ బండి మీద మన్నువడ! చెలిమెకు మీదికెల్లి కడిగినవారా?"

వెనకే వచ్చిన చిన్నాయనకు తప్పెక్కడుందో నిజంగానే అంతుబట్టలేదు. "ఎద్దులు పెండ పెడ్తయి, ఉచ్చ పోస్తయి, గందుకే కింది దిక్కు. నా బండి పెండ పెడ్తదా ఏంది?" అన్నాడు.

అవ్వ ఆ చెలిమెను అడుగంటా తోడి పారబోసింది. మర్నాటికి మళ్లీ వాసన. గజం అవతల ఇంకోటి తోడింది, బండకు ఆ పక్క మరోటి తోడింది. రోజూ తెల్లవారుజామున అరచేయి తడిపి వాసన చూసుకోవడం, పెదవులు బిగించి లేవడం. పైన పోసింది చారెడే కావచ్చు, ఇసుక కింద అదెంత దూరం పాకిందో ఎవరు చూశారు.

చిన్నాయన తప్పు దిద్దుకుందామని, బండికి అటో డబ్బా ఇటో డబ్బా కట్టుకుని, దూరంగా ఒక మామిడితోట బావి నుంచి నీళ్లు తెచ్చాడు. మూతలు బిగువుగా ఉండాలని చుట్టిన గుడ్డలు బండి తుడిచిన గుడ్డలే. తాత గ్లాసు మూతిదాకా ఎత్తి దించేశాడు. "గివి నీళ్లు గావు బిడ్డా, నీ బండి చెమట" అన్నాడు. అన్నది మెల్లగానే. చిన్నాయన ఆ పూట అన్నం తినలేదు, మరుసటి రోజు నుంచి కావడి ఎత్తుకున్నాడు. కానీ మిల్లు పిలిచింది, నాలుగు రోజుల్లో పొగ వదులుకుంటూ గద్వాల పోయాడు. ఇక ఆ ఎండాకాలమంతా అవ్వా అమ్మా నడిచారు. ఎండలో అంత దూరం రెండోసారి పోలేక, తెచ్చిన బిందె చాలక, చాలా రోజులు తాత బోరింగు నీళ్లే తాగాడు. తాగి వాగు దిక్కు చూసేవాడు. చెంపలు లోపలికి పోయి మనిషి సగమయ్యాడు. ఆ బండి మీద నాకు పుట్టిన కోపం ఆనాటిదే, చల్లారాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు.

మిరుగం కార్తెలో వానలు పడ్డాయి. వాగు రెండుసార్లు గట్లు తెంచుకుని వచ్చి, పాత ఇసుకను తీసుకుపోయి కొత్త ఇసుక పోసింది. శివరాత్రి దాటాక అవ్వ అదే నల్లబండ పక్కన మళ్లీ చెలిమె తోడింది. అరచేయి తడిపి చూసుకుంది. ఇంకోసారి చూసుకుంది. నా ముక్కు దగ్గర కూడా పెట్టి, "చూడే, నీకేమన్న వస్తుందా?" అంది. తడి ఇసుక వాసన తప్ప ఏమీ లేదు. మొదటి చెంబు తాతకు పట్టుకుపోయాం. తాత గుటగుటా తాగి, "ఇగో, గివి నీళ్లు" అన్నాడు. అవ్వ గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఊరిని తిట్టడం తప్ప ఏడవడం తెలియని మనిషి.

మొన్న ఎండల్లో ఒక బంధువు దినాలకు ఊరికి పోయి, వాగు చూసి వద్దామని దిగాను. దిగడానికి ఇసుక లేదు. ఏళ్ల తరబడి ట్రాక్టర్లు ఎత్తుకుపోతే, పట్నాల్లో ఇళ్లయిపోయింది. కింద దాగున్న రాతిపరుపు ఎముకలా బయటపడింది. ఆ పరుపు మీద అయిదారు బండ్లు, చెవులు పగిలే చప్పుడు, నీలం పొగ, ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసే పిల్లలు. వాళ్లలో మా ఎదురింటి కుర్రాడూ ఉన్నాడు. నన్ను చూసి బండి ఆపకుండానే అరిచాడు.

"ఆంటీ, మీ ఊరా గిది? మస్తు జాగ! ఎంత ఒర్లిచ్చినా అడిగెటోడు లేడు."

అడిగే మనిషి మా అవ్వ ఉండేది, పోయింది అని చెప్పబోయాను. నా మాట నాకే వినబడలేదు. నల్లబండ ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రాతి సందులో మిగిలిన గుప్పెడు మట్టిని వేళ్లతో తోడాను. గోటికి రాయి తగిలింది. అలవాటు కొద్దీ అరచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్రోలు వాసన లేదు. తడి ఉంటే కదా, వాసన పట్టడానికి.