మామయ్యగారి నిధి

డెబ్బైల చివర్లో నేను కొత్తపేట దగ్గర అత్తవారింటికి కాపురానికి వచ్చిన కొత్త. పెరట్లో కొబ్బరి మొక్కకి గొయ్యి తవ్విస్తుంటే, మూత బిగించిన మట్టికుండ ఒకటి తగిలింది. అది రాజుల కాలం నాటి నిధేనని మామయ్యగారు తేల్చేశారు. నాకు కాసులపేరు చేయిస్తానన్నారు. పంతులుగారు పూజ చేసి హారతిస్తే, వీధి వీధంతా కుండకి దండం పెట్టుకుంది.

మూత తీస్తే నల్లమట్టి, తుప్పు పట్టిన ఇనుప మేకు కనిపించాయి. అప్పుడే గుడి నుంచి వచ్చిన మామయ్యగారి అమ్మగారు తొంగి చూశారు.

"నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని నీ బొడ్డుతాడు, మావి పెట్టి పాతిన కుండరా అది. ఎందుకు తవ్వేవు?"

పంతులుగారు హారతి పళ్లెం సర్దుకుంటూ, "ఆయ్, ఎంతైనా పాతదేనండి" అన్నారు.

కుండని అక్కడే పూడ్చి, పైన మొక్క నాటాం. చరిత్ర తవ్వాలనుకునేవాళ్లు ముందు ఇంట్లో పెద్దావిణ్ణి అడగడం మంచిదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ చెట్టు విరగకాసింది. దాని బొండాం మాత్రం మామయ్యగారు ఏనాడూ తాగలేదు.