ఆయాను మాన్పించమన్నది నేనే

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన మా పిల్లల ఆసుపత్రి. పాతికేళ్లుగా పిల్లల డాక్టర్ని, నా అనుమానం మీద నాకు మహా గురి. ఆ నాలుగేళ్ల పాపను నెలలో మూడోసారి మగతగా, తల వాల్చేసిన స్థితిలో తెచ్చారు. జ్వరం లేదు. స్కానులో ఏమీ లేదు. ఎవరో ఏదో మందు పట్టిస్తున్నారని తేల్చుకున్నాను.

ఎవరు? తల్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మా గుంటూరు వైపు మనిషి. పాప ఏ రోజు ఎంతసేపు నిద్రపోయిందో గంటలతో సహా రాసుకొచ్చింది. అలాంటి ఫైలు మా జూనియర్లు కూడా పెట్టరు. కేసు షీటులో వివరాలు చెప్పినదెవరు, ఆ మాట నమ్మదగినదా అని ఒక గడి ఉంటుంది. తల్లి, నమ్మదగినది అని కలం ఆగకుండా రాసేశాను.

తలుపు దగ్గర ఆయా నిలబడి ఉంది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, పగలంతా పాప ఆమె దగ్గరే. నేను చూడగానే తల దించుకుంది. అదిగో, దొరికింది అనుకున్నాను. పని తెమలడానికి పిల్లలకు నిద్రమందు పట్టే ఆయాల కథలు ఎన్ని వినలేదు! తల్లిని పక్కకు పిలిచి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా, ముందు ఆమెను మాన్పించండి అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని నా చేతులు పట్టుకుంది. సాయంత్రానికే ఆయాను పంపేశారు.

పది రోజులకు పాప మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరి కూడా సరిగా అందడం లేదు. ఇప్పుడు ఇంట్లో ఆయా కూడా లేదు. ఐసీయూలో పెట్టి, తల్లిని లోపలికి రానివ్వకుండా, మూత్రం మా నర్సు చేతే పట్టించాను. అందులో నిద్రమందు ఉంది. తల్లి దగ్గర లేని రెండు రోజుల్లో పాప లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. నా బుద్ధి గడ్డి తిన్నదని అప్పుడు తెలిసింది.

పిల్లల సంక్షేమ కమిటీకి రాశాను. ఆ ఇంట్లో సంగతులు చూసింది ఆయా ఒక్కతే. మదీనాగూడలో వేరే ఇంట్లో చేరిన ఆమెను పిలిపించి, తప్పయిపోయిందన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. తను ఉన్న రోజుల్లో పాప మంచిగానే ఆడుకునేదట. శని, ఆదివారాలు తనకు సెలవు, సోమవారం వచ్చేసరికి వాలిపోయి ఉండేదట. ఫైలు తీసి చూశాను. మొదటి మూడుసార్లూ సోమవారమే. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను, సిగ్గు లేకుండా, కాస్త గట్టిగానే.

"మీరు నన్ను అడగలే గద మేడం," అంది. మళ్లీ తనే, "నన్ను పంపినంక పాపకు పాలు ఎవరు తాపిన్రు?" అంది.

వాళ్లమ్మే, అన్నాను.